అప్ప రెండు చేతులూ ఎత్తిన మీటింగు

ఆ రోజుల్లో ఆడపిల్లకి అక్షరాలెందుకనేవారు. నా విషయంలో ఇంకో కారణం కూడా ఉంది: మా అప్పకి (అంటే అక్కకి) నోరు నేనే. ఎవరేమడిగినా పక్కనుండి జవాబు చెప్పాలి కాబట్టి నన్ను బడికి పంపలేదు. అరవై దాటాక నేర్చిన అక్షరాలతో ఇప్పుడు రాస్తున్నాను. ఆటిజం ఉన్నవాళ్ళ తరఫున సంఘాల్లో ఎవరు మాట్లాడాలా అని పెద్దలు వాదించుకుంటున్నారని మొన్న పేపర్లో కూడబలుక్కుని చదివితే నవ్వొచ్చింది. ఆ పేరు మాకు తెలియని కాలంలోనే బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఆ వాదన అయిపోయింది.

అప్ప తక్కువ మాట్లాడేది. అదీ, అడిగిన సంగతి మనం మరిచిపోయాక. పెద్ద చప్పుళ్ళు ఆమెకి పడేవి కావు. అలాంటివారి కోసమని కాలనీ పెద్దలు సేవాసంఘం పెట్టి (అందులో అలాంటివారు ఒక్కరూ లేరు), అప్పని కలకత్తా ఆశ్రమానికి పంపాలని మీటింగు పెట్టారు. రైల్వే కాలనీలో ఏదైనా చేతులెత్తించి ఓటుతోనే తేల్చేవారు, యూనియన్ అలవాటు. అప్పని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. మైకు కుయ్యిమంది.

"ఈ పిల్ల మనసు నాకు తెలుసు!" అన్నాడు అధ్యక్షుడు, మేమంతా ఆఫీసు మావయ్య అని పిలిచే రైల్వే గుమస్తా.

"నాకూ తెల్సు. ఆయమ్మికి కలకత్తా అంటే పేణం," అంది పక్కింటి పిన్ని.

"అప్పకి ఎల్డం ఇష్టం నేదు!" అని నేను అరిచాను.

"నువ్వూరుకోయే, పెద్దోళ్ళు మాటాడతన్నారు," అని మా అయ్య కసిరాడు.

"ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి!" అన్నాడు మావయ్య. మైకు మళ్ళీ కూసింది. అప్ప రెండు చేతులూ ఎత్తి చెవులు మూసుకుంది.

"చూశారా! రెండు చేతులూ ఎత్తింది!" అన్నాడు మావయ్య.

సభంతా చప్పట్లు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్ప మాత్రం లేచి వెళ్ళి మైకు తీగ పట్టుకుని ఊడబెరికింది. మైకు కూత ఆగిపోయింది.

"నానెల్ను," అంది తాపీగా. "నా మంచం ఇక్కడుంది."

మావయ్య ఏదో సర్దిచెప్పబోయాడు. పెద్దల ముందు ఎప్పుడూ పెదవి కదపని అయ్య లేచాడు. "ఏటి బాబూ ఇంకా? అది సెప్పింది కదా. మీటింగయిపోనాది."

అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. నలుగురం ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున్న మరమరాలమ్మే బెంగాలీ దీదీ వచ్చి, అప్పకి ఎన్ని కావాలని అలవాటుగా నన్నడిగింది. "ఆమెనే అడుగు దీదీ," అన్నాను. దీదీ బుట్ట దించింది. అప్ప ఆలోచించుకుంటోంది. ఆనాటి వాగుడుకాయని, అంటే నన్నే, తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది; అప్ప నోరు తెరిచేదాకా పెదాలు పళ్ళతో నొక్కిపట్టి గడపమీదే కూర్చున్నాను.