కిటికీ మూసి వాయించిన పియానో

నీడలో ఆరుతున్న వేపాకు వాసన తగిలితే చాలు, నా కాళ్లు వాటంతట అవే పియానో వైపు పోతాయి. ఏటా ఎండలు ముదిరేటప్పుడు ఆ ఆకును పాత చీరపీలికల్లో మూటగట్టి దాని కడుపులో పెట్టడం సుగుణమ్మ టీచర్ నేర్పిన పని. లోపలి ఉన్నిగుడ్డకు పురుగు పట్టకుండా అన్నమాట. ఆమె చనిపోతూ పియానోను నాకు వదిలిపోయింది. బాన్సువాడలో నా కిరాయి ఇంటి ముందుగదిలో సగం అదే ఉంటుంది. మిగతా సగంలో నేనుంటాను.

బడిలో ఆమె నాకు లెక్కలు చెప్పింది. పెళ్లి చేసుకోలేదు. మా అమ్మ చనిపోయిన ఏడాది సాయంత్రాలు ఇంటికి పోబుద్ధికాక బడి అరుగు మీదే కూర్చుంటే, "లే బిడ్డా, ఈడ కూసుంటె ఏమొస్తది? నాతోని రా" అని తీసుకుపోయింది. ఓదార్చడం ఆమెకు చేతకాదు. నా వేళ్లను పియానో మెట్ల మీద పెట్టి, "తప్పొచ్చినా ఆగకు. ఆగితెనే అందరికి తెలుస్తది" అంది. ఆదివారం కీర్తనలు వాయించేటప్పుడు వీధి కిటికీ బార్లా తెరిచేది. మిగతా రోజుల్లో సినిమా పాటలు. అప్పుడు మాత్రం కిటికీ మూసి గడియ పెట్టేది. ఉక్కకు ఇద్దరం చెమటతో తడిసిపోయేవాళ్లం. ఎందుకు టీచరమ్మా అంటే, "దొరసాని పియానో మీద గివి వాయిస్తుందని ఊరంత అంటరు" అని నవ్వేది.

దొరసాని పియానో. ఊళ్లో దాని పేరే అది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో తనను సాకిన తెల్ల దొరసాని ఇంగ్లండు సీమకు తిరిగిపోతూ తనకిచ్చిందని టీచర్ అందరికీ చెప్పింది. ఆ పేరే మొన్న నా మెడకు చుట్టుకుంది. చర్చి పెద్ద ప్రకాశం అన్న వచ్చి, చాయ్ తాగి, గొంతు సవరించుకున్నాడు. "చెల్లె, దొరసానిదంటే మన చర్చిదే గద. గుడికి ఇచ్చెయ్యరాదు?" ఆఫీసు నుంచి వచ్చాక ఆ ఇంట్లో నాకు బదులు పలికేది అదొక్కటే. "అసలు ఎప్పటిదో తెలుసుకోనియ్యి అన్నా" అని అప్పటికి తప్పించుకున్నాను.

హైదరాబాద్ నుంచి పియానోలు సరిచేసే అతన్ని పిలిపించాను. ముందు పలక ఊడదీసి, ఇనుప చట్రం మీది నంబరు చూసి, ఫోన్లో ఎవరినో అడిగాడు. "మేడమ్, ఇది సీమది కాదు. కలకత్తాల చేసింది" అంటూ అది తయారైన ఏడాది చెప్పాడు. అది టీచర్ ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన ఏడాది. దొరసాని అంతకు ఎంతో ముందే, టీచర్ చదువుకునే రోజుల్లోనే వెళ్లిపోయింది. కంపెనీ పేరు ఉండాల్సిన చోట చెక్క బోసిగా ఉంది. అరిగిపోయిందని టీచర్ అనేది. అతను వేలితో తడిమి, "అరగలే మేడమ్. గరుకు కాగితం పెట్టి రుద్దిండ్రు" అన్నాడు.

అతను వెళ్లాక అక్కడే కూలబడ్డాను. పెళ్లి కాని పంతులమ్మ మంచి చీర కట్టినా ఎవరికోసమని అడిగే ఊరు మాది. పియానో కొంటే ఊరుకునేదా? దొరసాని కానుకంటే ఎవరూ వంక పెట్టరు. తెలిసిన మొహం ఒక్కటీ లేని ఊళ్లో, తనకోసం తాను తెచ్చుకున్న తోడును బతికినన్నాళ్లూ ఇంకొకరిదని చెప్పుకుంది. నాతోనైనా నిజం చెప్పలేదు. ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడ్చాను. ఆమె మాట నిలబెడితే పియానో పోతుంది. పియానో ఉంచుకోవాలంటే ఆమె దాచిందేదో ఊరికి చెప్పాలి. రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను.

ప్రకాశం అన్న మళ్లీ వచ్చాడు. "ఏందంట చెల్లె?"

"దొరసానిది కాదన్నా. టీచరమ్మే కలకత్తా నుంచి తెప్పించుకుంది."

నమ్మలేనట్టు పియానోను పైనుంచి కిందికి చూశాడు. "ఒక్కతె మనిషి. గంత పెద్దది ఏం జేసుకుందామని కొన్నది?"

"ఒక్కతె గాబట్టే కొన్నదన్నా."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి చెప్పులేసుకున్నాడు.

ఈ ఏటి వేపాకు మూటలు లోపల సర్ది, ఆమెకు ఇష్టమైన సినిమా పాట వాయించాను. కిటికీ తెరిచే ఉంచాను. వీధిలో వడ్ల ట్రాక్టర్లు పోతున్నాయి. వినడానికి ఎవరూ నిలబడలేదు. పాట మధ్యలో తప్పొచ్చింది. నేను ఆగలేదు.