మంచు పొద్దుల్లో ఆగిపోయే కారు

ఆ కారు నా చేతిలో మాత్రమే ఆగిపోయేది. మా ఆయన చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు. మా కాపురంలో వచ్చిన అతి పెద్ద తగాదా ఇదేనంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఆ చలికాలమంతా నాకు నవ్వు రాలేదు.

అప్పటికి మేము హామిల్టన్ వచ్చి ఏడాదిన్నర. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ఆయన ఊళ్లోనే ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవారు, బస్సులో వెళ్లి వచ్చేవారు. నాకు ఊరు దాటాక, పచ్చిక పొలాల మధ్య, పాలను పరీక్షించే ల్యాబులో ఉద్యోగం దొరికింది. రైతులు పంపిన పాలు చిన్న చిన్న సీసాల్లో వస్తాయి. వాటిని వరసగా పేర్చి యంత్రంలోకి పంపాలి. ఉదయం ఆరున్నరకల్లా అక్కడుండాలి. అటు బస్సు లేదు. అందుకని జపాన్ నుంచి వచ్చిన పాత తెల్ల కారు ఒకటి కొన్నాం. ఇండియాలో సైకిలు కూడా తొక్కని నేను, ముప్పై ఏళ్లు దాటాక డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ కార్డు చేతికొచ్చిన రోజు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఈ సంగతి మా ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఊరి మంచు గురించి చెప్పాలి. భూగోళానికి కింది కొసన ఉన్న ఆ దేశంలో చలికాలం జూన్‌లో వస్తుంది. చలి మొదలవగానే మంచు నది మీద నుంచి లేచి, వీధులన్నీ దాటి, పొలాల మీద పడుకునేది. హెడ్‌లైట్ల వెలుతురు నాలుగు గజాలు పోయి అక్కడే తెల్లగా నిలిచిపోయేది. కంచె స్తంభాలు ఒక్కొక్కటే ఎదురొచ్చి పక్కకు తప్పుకునేవి. ఎక్కడో ఒక గేటు, ఒక ఉత్తరాల పెట్టె, మళ్లీ ఏమీ లేదు. ఆవులు కనిపించేవి కావు, వాటి దగ్గు మాత్రం వినిపించేది. నాకు ఆ దారి ఎంతో ఇష్టంగా ఉండేది. కళ్లు తెరుచుకునే నిద్రపోతున్నట్టు ఉండేది, చేతులు మాత్రం స్టీరింగు మీద మెలకువగా ఉండేవి. రోజు మొత్తంలో నన్నెవరూ ఏమీ అడగని అరగంట అది.

సరిగ్గా ఆ అరగంటలోనే కారు ఆగేది. చప్పుడు ఉండదు, కుదుపు ఉండదు. ఎదురుగా ఉన్న చిన్న దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగేవి, స్టీరింగు బిగుసుకునేది. ఉన్న కాస్త వేగంతోనే ఎలాగో పక్కనున్న గడ్డిలోకి తిప్పేదాన్ని. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఆ తెల్లదనంలో అలా కూర్చుంటే, అరగంటకు ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది.

మొదటిసారి ఇంటికొచ్చి చెబితే ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, "నిన్న సాయంత్రం నేను తీసుకెళ్తే బానే ఉందే. నీ కాలు తెలీకుండా బ్రేకు మీద పడుతోందేమో చూస్కో," అన్నారు.

"నా కాళ్లు ఎక్కడున్నాయో నాకు తెలీదా?"

"కొత్త కదా. కంగారుపడతావ్."

ఒళ్లు మండిపోయింది. గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడి మనిషి ఏదో మీటరు తగిలించి, అంతా సవ్యంగా ఉందని తేల్చి, మీరు ఎన్నాళ్లుగా డ్రైవ్ చేస్తున్నారని నన్ను అడిగాడు. ఆ ఆదివారం మా ఆయన పనిగట్టుకుని కారును సముద్రం ఒడ్డునున్న టౌరంగా ఊరి దాకా నడిపారు. మంచి ఎండ. కారు కొండ ఎక్కింది, దిగింది, సముద్రం చూసింది, తిరిగొచ్చింది. దారి పొడవునా ఆయన ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఒక్క రోజు పొద్దున్నే నాతో రండి. మీ కళ్లతో మీరే చూడండి," అని అడిగాను.

"ఐదున్నరకా? ఈ చలిలోనా? నేనొచ్చి మాత్రం ఏం చేస్తాను, నాకేమన్నా మెకానిక్ పనొచ్చా?" అని దుప్పటి మీదకు లాక్కున్నారు.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఆగస్టు వచ్చేసరికి నేనూ నమ్మేశాను. తప్పు నాలోనే ఉందని. నడుపుతూ నడుపుతూ కిందకి వంగి పాదాలు చూసుకునేదాన్ని. పెద్ద షూ వేస్తే తేడా వస్తుందేమోనని షూ మార్చాను. ఇక దిక్కు దేవుడే కాబట్టి, శుక్రవారం శుక్రవారం తెల్లారగట్ల చెంబుడు నీళ్లలో పసుపు కలిపి, అద్దం కింద, వైపర్లు పడుకునే గాడిలో పోసి, కుంకుమ బొట్టు పెట్టేదాన్ని. కారుకు నుదురంటూ ఉంటే అక్కడే కదా ఉంటుంది. అయినా అది ఆగుతూనే ఉంది. మరుసటి శుక్రవారం రెండో చెంబు కూడా పోశాను.

నాలుగోసారి ఆలస్యంగా వెళ్లినప్పుడు మా సూపర్‌వైజర్, ఆ దేశంలోనే పుట్టి పెరిగిన పొడుగాటి కీవీ ఆవిడ, నన్ను పక్కకు పిలిచింది. సీసాలు ఎవరి కోసమూ ఆగవనీ, ఇంకొక్కసారి ఇలా జరిగితే నా చోట వేరే మనిషిని చూసుకోక తప్పదనీ చెప్పింది. చెప్పి, నా భుజం మీద చెయ్యి వేసింది. తిట్టినా బాగుండేది.

ఇంట్లో చెబితే, "పోనీ మానేయ్. బస్సు దారిలో ఏదన్నా చూసుకుందువుగాని," అన్నారు ఆయన. ప్రేమగానే అన్నారు. మర్నాడు బట్టలు ఉతుకుతూ ఏడ్చాను. ఆ ఉద్యోగం పోతే ఇక జన్మలో స్టీరింగు పట్టుకోనని నాకు తెలుసు.

రైలు పట్టాల పక్క వీధిలో ఒక ఫిజీ పెద్దాయన కార్లు బాగుచేసే షెడ్డు ఉందని ఇండియన్ షాపులో విన్నాను. ఇదే ఆఖరి ప్రయత్నం అనుకుని, ఆ శనివారం మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ పెద్దాయన ముత్తాత ఎప్పుడో చెరుకు తోటల పనికి మన దేశం నుంచి ఓడెక్కాడట. ఇంటి గుమ్మంలా నిమ్మకాయ కట్టి ఉన్న కారును చూసి, మమ్మల్ని చూసి, ఇంగ్లీషు ఆపేశాడు.

"తెలుగోళ్లా? మా నానమ్మ మాటాడేది. నాకు కొంచెం కొంచెం వస్తాది."

మా ఆయన మొదలుపెట్టారు, ఈమెకు డ్రైవింగ్ కొత్త అంకుల్ అని. పెద్దాయన చెవిన వేసుకోలేదు. నా వైపే చూస్తూ అడిగాడు.

"ఎప్పుడు ఆగతాదమ్మా? మంచున్నప్పుడా, ఎండున్నప్పుడా?"

అప్పటిదాకా అందరూ నేనేం చేశానని అడిగినవాళ్లే. ఎప్పుడు అని అడిగినవాడు ఆయనొక్కడే. ఒక్కో రోజూ గుర్తు చేసుకున్నాను. అన్నీ మంచు పొద్దులే. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారీ ఆగలేదు. మా ఆయన బండి తీసేది ఎప్పుడూ మంచు విడిపోయాకే.

"మంచున్నప్పుడే అంకుల్," అన్నాను.

పెద్దాయన తల ఊపి, ఎడమ పక్క ముందు సీటు ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, డాష్‌బోర్డులోని సామాన్ల అర ఊడదీసి, దాని వెనక నుంచి టిఫిన్ డబ్బా అంత రేకు పెట్టె ఒకటి బయటికి తీశాడు. ఇంజన్‌కు ఎప్పుడు ఎంత పెట్రోలు ఇవ్వాలో, ఎప్పుడు నిప్పురవ్వ పుట్టించాలో చెప్పేది ఈ పెట్టేనట. "బండికి బుర్ర ఇదే," అన్నాడు. మూత విప్పాడు. లోపల పచ్చటి పలక. ఒక మూల తీగలు కలిసే చోట చిలుము పట్టి ఉంది. ఆ చిలుము మీదుగా సన్నని చార ఒకటి, ఎండిపోయి, పసుప్పచ్చగా.

ఆయన వేలితో తాకి వాసన చూశాడు. తర్వాత లేచి, వైపర్ల కింది గాడిలో చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడ రబ్బరు పట్టీ చీలిపోయి ఉంది.

"నీళ్లు ఈ సందులోంచి కిందకి దిగతన్నాయి. చెమ్మ తగిలితే బుర్ర పనిచెయ్యదు."

"వాన నీళ్లా అంకుల్?" అన్నారు మా ఆయన.

"వానకి ఈ రంగుంటాదా బాబూ?"

నా చెవులు వేడెక్కిపోయాయి. ఆగుతోందని భయపడి పోశాను, పోసినందుకే ఇంకా ఇంకా ఆగింది. "శుక్రవారం శుక్రవారం నేనే పోశాను," అన్నాను.

"చూశావా! అయితే నీ వల్లేగా!" అని మా ఆయన చేతులు చాపి నవ్వారు.

ఇంతలో పెద్దాయన ఆ గాడిలోంచి ఏదో లాగి మా ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. కొబ్బరి పీచు. కారు కొన్న రోజున దిష్టి పోవాలని కొబ్బరికాయ కొట్టి, నీళ్లన్నీ అద్దం మీద ధారగా పోసింది మా ఆయన. పోసేటప్పుడు ఫోటో కూడా తీయించుకున్నారు. ఆ పీచును చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. పెద్దాయన మాత్రం అప్పుడు మొదలుపెట్టాడు. "మా ఆడది నా ట్రక్కుకీ పోస్తాది. నేను ముందే ప్లాస్టిక్ కప్పి పెడతాను," అని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

అదే రోజు పాత కార్లు విప్పే యార్డుకు వెళ్లి, మా పెట్టె మీది నంబరే ఉన్న పెట్టె ఇంకొకటి తెచ్చాడు. వెనక నుంచి దెబ్బ తిన్న ఒక కారులోదట. బ్యాటరీ తీగ విప్పి, పెట్టె బిగించి, రబ్బరు పట్టీ మార్చి, తాళం నన్నే తిప్పమన్నాడు.

"పెడల్ ముట్టుకోవద్దు. ఈ ఇంజన్ గుణం దానికి ఇంకా తెలవదు. కాసేపు దానికదే నేర్చుకుంటాది."

ఇంజన్ ఒకసారి ఎగిసింది, తగ్గింది, మళ్లీ ఎగిసింది. మెల్లగా ఒక చోట కుదురుకుంది. ఆ పది నిమిషాలూ నేను సీట్లో కదలకుండా కూర్చున్నాను. ఆ పెట్టె ఇంతకుముందు ఏ దారుల్లో తిరిగిందో, ఎవరిని పొద్దున్నే పనికి చేర్చిందో అనుకుంటూ ఉంటే కళ్లు మూతలు పడ్డాయి. ఎన్ని వారాల తర్వాతో, భయం లేకుండా కారులో కూర్చున్నాను.

సోమవారం పొద్దున్న గట్టి మంచు. నేను షూ వేసుకుని బయటికి వచ్చేసరికి మా ఆయన పైజమా మీద స్వెట్టరుతో కారు పక్కన నిలబడి ఉన్నారు.

"నేనూ వస్తాను. నిన్ను దింపి, కారు తెచ్చుకుని, మధ్యాహ్నం మళ్లీ వస్తాను."

"ఇప్పుడెందుకు? బాగైపోయిందిగా."

ఆయన ఎక్కి కూర్చున్నారు. ఊరు దాటాం. స్తంభాలు ఎదురొచ్చి తప్పుకున్నాయి. కారు నిశ్చింతగా పోతోంది. "బానే వెళ్తోందే," అన్నారు ఆయన రెండుసార్లు. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది, ఒరిగిపోయిన ఉత్తరాల పెట్టె పక్కన. అక్కడ గేటు ముందున్న గడ్డిలోకి తిప్పి, తాళం తీసేశాను.

"ఏమైంది?" అని ఆయన డాష్‌బోర్డు పట్టుకున్నారు.

"ఏం కాలేదు. నేనే ఆపాను."

దీపాలు కూడా ఆర్పేశాను. మంచు కిటికీల దాకా వచ్చేసింది. గేటు పోయింది, కంచె పోయింది, రోడ్డు పోయింది. మా ఊపిరికి అద్దాలు మసకబారాయి. దగ్గర్లోనే, ఏ వైపో తెలియకుండా, ఒక ఆవు దగ్గింది. ఆయన ఉలిక్కిపడ్డారు. చేత్తో అద్దం తుడిచి చూశారు. బయట ఏమీ లేదు.

"ఇక్కడ... ఒక్కదానివే కూర్చునేదానివా?"

"అరగంట. ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ."

ఆయన మళ్లీ అద్దం తుడిచారు. "నేను రావాల్సింది," అన్నారు.

పర్లేదులెండి అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు కదా. కానీ అనలేదు.

"అవును. రావాల్సింది," అన్నాను. ఆరు కావస్తోంది. తాళం తిప్పాను.