రేడియో అక్క మాట్లాడని రోజు

పడవ రేవుగోడను గుద్దుకున్నప్పుడు అక్క పన్నునొప్పితో చెంప పట్టుకుని కింద గదిలో ముడుచుకుని ఉంది. చేతిలోని గ్లాసు ఎగిరిపడి ఉప్పునీళ్ళు పరుపు మీద ఒలికాయి. పైన చుక్కాని దగ్గరున్న తమ్ముడు ఇంజిను ఆపి, "ఏం లేదక్కా, అల తోసింది" అని కేకేశాడు. ఆ మధ్యాహ్నం సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంది. ఇంకో రోజైతే ఆ ఒక్క మాట పట్టుకుని తమ్ముణ్ణి గంటసేపు దులిపేసేది. పన్ను సలుపుతోంది కాబట్టి అతను బతికిపోయాడు.

ఆ తీరం పొడవునా రేవుల్లోని జనం ఆవిడను రేడియో అక్క అనేవారు. ఎదురుగా అనేవాళ్ళు తక్కువ, చాటున అననివాళ్ళు లేరు. భర్త పోయాక, పదహారేళ్ళ కిందట, ఒక ట్రంకుపెట్టెతో తమ్ముడి పడవలోకి వచ్చేసింది. పెళ్ళి ఊసే లేని ఆ తమ్ముడికి అంతవరకు ఇంజిను మోత ఒక్కటే తోడు. అక్క వచ్చాక ఇంజినుకు పోటీ దొరికింది. పడవ కదిలిందంటే చాలు, ఆలుగడ్డల గిన్నె తెచ్చుకుని తమ్ముడి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. తొక్క తీస్తూ కంటికి కనిపించిందల్లా నోటితో అనేసేది.

"అదిగో ఎర్రదీపం, ఎడంపక్క. మరీ దగ్గరికి పోకు. ఆ చేపలపడవ వాణ్ణి చూడు, వాడి సొంత వీధి అయినట్టు అడ్డంగా ఆపుకున్నాడు. కాస్త కుడికి తిప్పరా, వాడికి బుద్ధి లేకపోతే మనకైనా ఉండాలిగా."

తమ్ముడు ఊఁ కొట్టేవాడు. ఒకప్పుడైతే, "నీ నోటికి సెలవులుండవా అక్కా" అని విసుక్కునేవాడు. ఈమధ్య అదీ మానేశాడు. వయసు మీదపడితే ఓపిక వస్తుంది కాబోలు అనుకుంది అక్క.

తమ్ముడు ఇంజిన్ల మేస్త్రి. చలికాలం వస్తే తీరంలోని చిన్న ఊళ్ళు సగం చచ్చిపోతాయి. వేసవిలో జనంతో కిటకిటలాడిన హోటళ్ళకు తాళాలు, ఇసుక మీద బోర్లించిన కుర్చీలు, చెమ్మతో నల్లబడ్డ గోడలు. సరదా పడవలన్నిటినీ ఒడ్డుకెక్కించి పట్టాలు కప్పేస్తారు. వాటి ఇంజిన్లు విప్పి బాగుచేసేది అప్పుడే. అందుకే లోకమంతా ముసుగుతన్ని పడుకునే నెలల్లో వీళ్ళిద్దరూ ఊరి తర్వాత ఊరు తిరిగేవారు. అక్క పడవలోనే కూర్చుని చిరిగిన పట్టాలు కుట్టి ఇచ్చేది.

ఊళ్ళు చూడటమంటే అక్కకు పిచ్చి. కానీ మోకాళ్ళు అరిగి నాలుగేళ్ళుగా రేవుగోడకున్న ఇనపనిచ్చెన ఎక్కలేకపోతోంది. అందుకని పడవ కట్టిన రోజు తమ్ముడు పైకెళ్ళి, రెండు గంటలు తిరిగొచ్చి, చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాలి. అతను చెప్పేటప్పుడు మాత్రం రేడియో ఆగిపోయేది.

పడవ గోడకు తగిలిన ఆ రోజూ వెళ్ళివచ్చాడు. కోటు వానకు తడిసి ముద్దయింది. "గడియారాల కొట్టు అలాగే ఉందక్కా. ముసలాయన కిటికీ పక్కన కూర్చుని, కంటికి గాజుబిళ్ళ తగిలించుకుని పనిచేసుకుంటున్నాడు. ఆకుపచ్చ తలుపుల మందులషాపూ ఉంది. సినిమాహాలుకి కొత్తగా రంగేశారు" అని చెప్పాడు. వేడిగుడ్డ చెంపకు ఆనించుకుని అక్క కళ్ళు మూసుకుని వింది. నొప్పి కాస్త మరిచిపోయింది కూడా.

మర్నాడు పొద్దున రేవు గుమాస్తా గోడకు తగిలిన దెబ్బ చూడటానికి వచ్చాడు. తమ్ముడు అప్పటికే ఒడ్డున పనిలోకి పోయాడు. అక్క పన్ను కొంచెం నెమ్మదించింది, దాంతో నోరు తెరుచుకుంది.

"మీ గోడకేం కాలేదు బాబూ, మా పడవకే తోలు లేచింది. అది సరేగానీ, మా గడియారం ఆగిపోయింది. పుణ్యముంటుంది, ఆ ముసలాయన కొట్లో ఇచ్చి వెళ్తావా?"

"ఏ ముసలాయనమ్మా?"

"మందులషాపు పక్కన, కిటికీ దగ్గర కూర్చుంటాడుగా. నిన్ననే మా తమ్ముడు చూశాడు."

గుమాస్తా గొడుగు కింద నుంచి ఆవిడ వైపు వింతగా చూశాడు. "ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ వరసంతా పడగొట్టేశారు. ఇప్పుడక్కడ కార్లు ఆపుతున్నారు."

"మరి సినిమాహాలు?"

"అదీ ఆ వరసలోదే."

అతను వెళ్ళాక అక్క ఆగిన గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. టీగ్లాసు కోసం బల్ల మీద తమ్ముడు చెయ్యి పాకించడం. ఉత్తరం వస్తే, "నువ్వు చదువక్కా, నీ గొంతులో బాగుంటుంది" అనడం. ఆ మాటకు తను మురిసిపోవడం. ఎంత మొద్దునో అని తనను తాను తిట్టుకుంది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన తమ్ముణ్ణి కూర్చోనివ్వకుండానే అడిగింది. "కళ్ళు ఎప్పటినుంచిరా?"

అతను చేతుల గ్రీజు తుడుచుకోవడం ఆపలేదు. "రెండు చలికాలాలైంది. నడిమధ్యన ఏమీ కనపడదు. పక్కల్లో కొంచెం వెలుతురు. ఇక రాదన్నాడు డాక్టరు. ఇంజిను పని చేతులకు తెలుసు కాబట్టి నడుస్తోంది."

"మరి నిన్న ఊళ్ళో తిరిగానన్నావు?"

"నిచ్చెన ఎక్కగానే ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చుని వచ్చాను."

"రెండు గంటలా? వానలోనా?"

"తొందరగా వస్తే నువ్వు నమ్మవుగా."

అక్కకు ఏడుపు, కోపం కలిసి తన్నుకొచ్చాయి. "మరి ఇన్నాళ్ళూ పడవ ఎవడు నడిపాడురా?"

"నువ్వే. కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. నిన్న పన్నునొప్పని నువ్వు పైకి రాలేదు. అడిగితే తెలిసిపోతుందని నేను అడగలేదు."

అక్క స్టూలు మీద కూలబడింది. ఎన్ని రేవులు! ఎన్నిసార్లు తల ఎత్తకుండా, గిన్నెలోకి చూస్తూ నోటికొచ్చింది వాగింది! ఒకసారి పొగమంచులో దీపం కనపడకపోయినా, తమ్ముణ్ణి ఉడికించడానికి కనపడిందని చెప్పింది. అతను ఆ మాట నమ్మే తిప్పాడు. ఆ రోజు చుట్టూ ఎన్ని చిన్న పడవలు, వాటిలో ఎంతమంది మనుషులు!

"ఎవరికీ చెప్పకక్కా" అన్నాడు తమ్ముడు. "తెలిస్తే నన్ను చుక్కాని ముట్టుకోనివ్వరు. ఒకచోట కూర్చుంటే మనకు పని లేదు, ఒడ్డున గడపంటూ లేదు. ఎల్లుండి వాన తగ్గాక పక్క ఊరికి పోదాం. నువ్వు ఎప్పట్లా పక్కన కూర్చుని మాట్లాడుతుంటే చాలు."

అతను ఆవిడ ముఖం అనుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. జవాబు కోసం తల కొంచెం పక్కకు వంచాడు. సరే అనడానికి ఆవిడకు నోరు రాలేదు, వద్దనడానికి మనసు రాలేదు. పడవ పైకప్పు మీద వాన పడుతూనే ఉంది. అక్క ఏమీ అనలేదు.

అర్థమైందన్నట్టు తలూపి తమ్ముడు జేబులోంచి ఇంజిను తాళంచెవి తీశాడు. బల్ల ఎక్కడుందో చేత్తో వెతుక్కుని, దాని మీద పెట్టాడు.