రసీదు చూపించమన్న జీతాల దినం

మా బాపు ఆదిలాబాదు జిల్లాలోని ఒక పత్తి జిన్నింగు మిల్లులో, దూదిని అదిమి బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. కార్మికుల జీతంలో కొంత భాగాన్ని మిల్లు ఆఫీసు ప్రతి నెలా తనవద్దే ఉంచుకొని, పని మానిన రోజున వడ్డీతో ఇస్తాననేది. దానిని అందరూ 'సేటు దగ్గరి జమ' అనేవారు. ఆ జమ ఎక్కడ ఉందని అడగడం మా మిల్లు లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ల వరుసల్లో, మర్యాద కాదు. అడిగినవాడు సేటు ఉప్పును శంకించినట్లే. మేముంటున్న గది కూడా మిల్లుదే. బాపు పని మానగానే దానిని ఖాళీ చేయాలి. జమ చేతికి వస్తే రెండు గుంటల జాగా కొని సొంత గోడలు లేపాలని మా అమ్మానాన్నలు, అవ్వా బాపూ, ఎదురుచూస్తున్నారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మా ఇంట్లో మొదటి పట్టభద్రుడనై నేను తిరిగివచ్చాను. అప్పటికి మిల్లు సరిగా నడవడం లేదు. జమ మునిగిపోతుందేమోనని కంపెనీల కొత్త చట్టాన్ని తెప్పించుకొని శ్రద్ధగా చదివాను. దాని ప్రకారం కార్మికుల పొదుపు సొమ్మును యజమాని వ్యాపారంలో కలుపుకోరాదు. బ్యాంకులోనో, తపాలా సేవింగ్సు బ్యాంకులోనో విడిగా ఉంచాలి. కార్మికుడు కోరితే ఆ రసీదును చూపించాలి. వెంటనే సర్కారుకు ఇంగ్లీషులో నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, బాపుకు తెలుగులో వినిపించాను.

"గీ కాయితాలల్ల సేటును దొంగ అన్నవా?" అని అడిగాడు బాపు.

"దాదాపు అంతే, బాపు."

"దొంగతనం నువ్వు సూసినవా?"

"లేదు."

"మరి కానూను ఏమంటది? లొల్లి పెట్టుమంటదా?"

"రసీదు చూసే హక్కు నీకున్నదంటుంది."

"గట్ల జెప్పు. సూస్తననుడు తిట్టుడు గాదు గద. రేపు జీతాల దినం, నేనే అడుగుత. నీ కాయితాలు మీ అవ్వకియ్యి, పొయ్యి రాజేస్తది."

"నాకద్దు. గంత ఇంగ్లీషు పొయ్యిల పెడితే బువ్వ మాడుతది" అంది అవ్వ.

మరునాడు నేను ఆఫీసు వరండాలో నిలబడ్డాను. మేనేజరుకు కోపం వస్తే పనీ గదీ రెండూ పోతాయని నా భయం. బాపు రిజిస్టరులో వేలిముద్ర వేసి, జీతం తీసుకొని, వరుసలోంచి కదలలేదు.

"జమ పైసల బ్యాంకు రసీదు జర సూపియ్యిరి, సాబ్."

మేనేజరు నవ్వాడు. "నీకు అక్షరం ముక్క రాదు. రసీదు చూసి ఏం జేస్తవ్?"

"సదువుడు రాదు సాబ్, సూసుడస్తది. కానూన్ల సూడుమనే ఉన్నదట, సదువుమని లేదట."

వెనుక నుంచి ఎవరో అన్నారు: "సూసినంక మాకు గూడ జెప్పు మామా, తెల్లగున్నదో పచ్చగున్నదో."

"సేటు మీద నమ్మకం పోయిందా?" అన్నాడు మేనేజరు, ఈసారి నవ్వకుండా.

"నమ్మకమున్నది గనుకనే ఇన్నేండ్లు అడగలే. ఇగ జాగ కొనే యాళ్లయింది."

 మేనేజరు సోమవారం రమ్మన్నాడు.

సోమవారం ఇద్దరమూ వెళ్లాము. రసీదు బల్లమీద ఉంది. కార్మికులందరి జమా ఒకే ఖాతాలో వేసినట్లు రాసి ఉంది. తేదీ మాత్రం జీతాల దినం మరునాటిది, మొన్నటి శనివారానిది. బయటికి రాగానే బాపుకు చెప్పాను, అడిగిన తరువాతనే సొమ్ము బ్యాంకుకు వెళ్లిందని.

"పోయింది గద" అన్నాడు బాపు. "ఇగ సేటు పెట్టెల లేదు."

తరువాతి జీతాల దినాన వరుసలోని ప్రతి మనిషీ రసీదు చూపించమన్నాడు. మేనేజరు విసిగి, దానికి అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించాడు. మరుసటి ఏడు బాపు పని మానినప్పుడు జమ అంతా చేతికి వచ్చింది. దానితో కొన్న రెండు గుంటల జాగాలో గోడల మట్టి నేనే తొక్కాను. మోకాళ్లదాకా బురదతో నిలబడి, పక్కింటివాళ్లు అడగకపోయినా, ఈ ఇల్లు మా బాపు అడిగి తెచ్చుకున్నదని చెప్పాను.