ముద్దనూరు కొండ మీద పేపరు

సైకిల్ మేస్త్రి పోయాడన్న కబురు నాకు మా పాప ఫోన్ చేసి చెప్పింది. నేనుండేది ప్రొద్దుటూరులో, ఆయన ఇంటికి నాలుగిళ్ల అవతల. పాప ఉండేది జమ్మలమడుగులో, అక్కడి బడిలో ఆటల టీచరు. అంత దూరంలో ఉన్న బిడ్డకు తెలిసింది, అదే వీధిలో కాఫీ తాగుతున్న నాకు తెలియలేదు. మేస్త్రి కొడుకు మొదట ఆమెకే చేశాడట. "నాయనా, మామ ల్యాడు. పొద్దున నమాజుకు లేచి కూచున్నోడు కూచున్నట్టే పోయినాడంట. నువ్వు బిరీన పో" అని పాప ఏడుస్తూ చెబుతుంటే నాకు ముందు దుఃఖం రాలేదు. మొదట ఆమెకే ఎందుకు చేశాడు అనిపించింది. దాచుకోకుండా రాస్తున్నాను. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ నాకు ఆయనంటే ఎంత ఇష్టమో అంత కుళ్లు. ఆ పొద్దున కూడా ఆ కుళ్లు నాతోపాటే చెప్పులేసుకుని బయలుదేరింది.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. చీరల అంగడిలో గుమాస్తాగా ముసలివాణ్ణయ్యాను. చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడత పెట్టడం, రవికె గుడ్డ కొలవడం తప్ప ఈ చేతులకు వేరే విద్య రాదు. మన ఊరి చిన్న పత్రికలో వేస్తామంటే ధైర్యం చేసి రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

మేస్త్రి అంగడి మా వీధి మొదట్లో ఉండేది. రేకుల కప్పు, ఒక చెక్కపెట్టె, గాలి పంపు, గోడకు వేలాడే పాత టైర్లు. ఊరంతా మోటారు బండ్లెక్కింది. పక్క అంగళ్లవాళ్లు ఫోన్లు బాగుచేయడంలోకి, చికెన్ పకోడాలోకి మారిపోయారు. ఆయన మాత్రం సైకిల్ వదల్లేదు. బండి తిరగేసి చక్రం తిప్పి కళ్లు మూసుకునేవాడు. నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"ఏంది మేస్త్రీ, నిద్ర పోతాండావా?"

"ఇంటాండాప్పా. సైకిల్ ఎప్పుడూ చెప్తానే ఉంటాది యాడ నొప్పో. మనకే చెవి ల్యా."

పాప ఇంటర్ చదివేటప్పుడు రోజూ ఆ అంగడి ముందునుంచే కాలేజీకి పోయేది. ఒకనాడు నేను అక్కడ కూర్చుని ఉండగా పాప అలా పోయింది. మేస్త్రి చేతిలో పానా పట్టుకుని అట్లే చూస్తుండిపోయాడు.

"చూసినావాప్పా, మీ పాప పెడలు తొక్కేది? అందరి మాదిరి కిందికి పొడవల్యా. గుండ్రంగా తిప్పుతాంది. ఇది ఒకరు నేర్పితే వచ్చేది కాదు."

పుట్టినప్పటినుంచి ఆ బిడ్డను చూస్తున్నది నేను. భుజాన మోసింది నేను. సైకిల్ వెనక సీటు పట్టుకుని ఉరికింది నేను. గుండ్రంగా తిప్పుతుందన్న సంగతి మాత్రం ఆయనకు కనపడింది. నా కుళ్లు పుట్టిన చోటు అదే.

తర్వాత అంతా ఆయన చేతిలోకే పోయింది. కువైట్‌లో పనిచేసే ఆయన చెల్లెలి కొడుకు సెలవుకు వస్తూ పందెం సైకిల్ చట్రం ఒకటి దుప్పట్లలో చుట్టుకుని తెచ్చాడు. ఒక్క చేత్తో ఎత్తితే బుట్ట మాదిరి లేచింది. మేస్త్రి దానికి చక్రాలు, గేర్లు ఒక్కొక్కటే వెతికి బిగించి, పాప కాళ్ల పొడవు దారంతో కొలిచి సీటు నిలబెట్టాడు. ఏళ్ల తరబడి గజాల లెక్కన గుడ్డ కొలిచినవాణ్ణి నేను పక్కనే ఉన్నాను. దారం కొస పట్టుకోమని కూడా ఎవరూ అడగలేదు.

ఫ్రాన్సు దేశంలో మూడు వారాలు జరిగే సైకిల్ పందెం ఒకటి ఉందని మా వీధికి చెప్పింది ఆయనే. ఆ రోజుల్లో సాయంత్రమైతే పంచరు బంకడబ్బాకు ఫోన్ ఆనించి, పాపా ఆయనా పీట మీద కూర్చునేవాళ్లు. తెరమీద రంగురంగుల చొక్కాలు గుంపుగా పోతుంటాయి. నాకు అందరూ ఒకటే మాదిరి కనపడేవాళ్లు. వాళ్లిద్దరూ మాత్రం సొంత బంధువుల సంగతి మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడుకునేవాళ్లు.

"ముందర పోయేవాణ్ణి చూడొద్దు పాపా. వాని ఎనక చాటున ఎవురుండారో చూడు. గాలంతా ముందరోడు తింటాండాడు, ఎనకోడు కాళ్ల సత్తువ దాచుకుంటాండాడు."

"మామా, ఆ నీళ్లు మోసే అబ్బి మళ్లీ కారు దగ్గరికి పోతాండాడు చూడు. చొక్కా నిండా సీసాలే."

"వాడే నా హీరో. గెలిచినోని పేరు అందరూ చెప్తారు. వాని పేరు చెప్పమను."

ఆయనకు నిజంగానే, తమ జట్టువాళ్లకు సీసాలు తెచ్చిచ్చే ఆ నీళ్లు మోసేవాళ్ల పేర్లన్నీ వచ్చు. వాళ్లలో ఎవరైనా పడిపోయి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఆ రాత్రి అన్నం సరిగ్గా తినేవాడు కాదట. నేను కూడా ఊరుకోలేదు. ఒక చిన్న పుస్తకంలో పేర్లు, చొక్కాల రంగులు రాసుకుని బట్టీ పట్టాను. ఒకరోజు పాప ఇంటికి రాగానే, "ఏం పాపా, ఆ పసుపు చొక్కా అబ్బి ఈరోజు కూడా ముందరున్నాడా?" అని అడిగాను. "అది నిన్న నాయనా. ఈరోజు ఆ చొక్కా ఇంగొకనికి పాయ" అని చెప్పి స్నానానికి పోయింది. మా ఇంటామె వంటింట్లోనుంచి, "ఈ వయసులో నీకు పరీక్షలు ఎందుకు, ఫెయిలయ్యేదానికి కాకపోతే" అంది.

పాప ఆదివారాలు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడినుంచి కొండెక్కి ముద్దనూరు, ఆపైన పులివెందుల దాకా తొక్కేది. పులివెందులలో మా చెల్లెలి ఇంట్లో ఎండ తగ్గేదాకా ఉండి సాయంత్రానికి తిరిగొచ్చేది. వస్తూనే మేస్త్రి దగ్గర ఆగి దారంతా పూసగుచ్చినట్టు చెప్పేది. పెన్న వంతెన మీద గాలి ఎటునుంచి కొట్టింది, నాపరాళ్ల లారీ దాటిపోయినప్పుడు సైకిల్ ఎటు లాగింది, ముద్దనూరు దగ్గర కుక్కలు ఎంత దూరం తరిమాయి. నేను అడిగితే "బాగుంది నాయనా" అనేది. దారంతా ఆయనకు, నాకు ఆ రెండు మాటలు.

ఇక అసలు సంగతి కొండ దగ్గర. జమ్మలమడుగు దాటాక ముద్దనూరు పోయే దారిలో ఘాట్ రోడ్డు ఉంది. మేస్త్రీ నేనూ నా మోపెడ్ మీద ముందుగా పోయేవాళ్లం. అన్నిటికంటే కష్టమైన మలుపు దగ్గర ఆయన దిగేవాడు. పాప అక్కడికి వచ్చేసరికి వేగం తగ్గిపోతుంది కాబట్టి పక్కన ఉరుకుతూ నీళ్ల సీసా అందించవచ్చు, ఒక మాట చెప్పవచ్చు. నన్ను మాత్రం కొండ పైకి పంపేవాడు. చేతిలో ఆరోజు పేపరు పెట్టి.

"ఇదెందుకు మేస్త్రీ?"

"పెద్ద పందేల్లో ఇట్లే చేస్తారప్పా. కొండెక్కినోళ్లకు పైన పేపరు అందిస్తారు. చొక్కాలో దోపుకొని దిగుతారు. దిగేటప్పుడు చల్లగాలి రొమ్ముకు తగలకుండా."

"చల్లగాలా? మన కొండ మీదనా?"

"పద్ధతంటే పద్ధతే."

మూడేళ్లు అలా నిలబడ్డాను. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదికే రోడ్డు నుంచి సెగ లేస్తుంటే, తలకు తువ్వాలు చుట్టుకుని, పేపరు మడిచి చెయ్యి చాపుకుని. పోయే లారీవాళ్లు పేపరు అమ్ముకుంటున్నానేమోనని ఆపేవాళ్లు. పాప రొప్పుతూ పైకొచ్చి, ఎడమ చేత్తో పేపరు లాక్కుని, చొక్కాలో దోపుకుని, నా మొహం కూడా చూడకుండా అటువైపు దిగిపోయేది. కింద మలుపు దగ్గర ఆయనకు అంతసేపు, నాకు ఒక్క రెప్పపాటు. సాయంత్రానికి పేపరు చెమటకు తడిసి ముద్దయ్యేది, సిరా అంతా లోపలి బనియనుకు అంటుకునేది. "బనియన్ల నిండా అక్షరాలే, ఎన్ని ఉతుకులు ఉతికినా పోవు" అని మా ఇంటామె తిట్టేది. ఒకసారి మలుపు దగ్గర నేనుంటానన్నాను. మజ్జిగ కూడా కలుపుకుని పోయాను. మేస్త్రి సీసా మూత తీసి వాసన చూసి, "ఎక్కుడులో మజ్జిగ వద్దప్పా, కడుపులో తిరుగుతాది. నువ్వు పైనే ఉండు" అన్నాడు. ఆరోజంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టు కూడా లేదు.

ఆయనకు మట్టి ఇచ్చేటప్పుడు కబరస్తాన్‌లో అందరితోపాటు నేనూ మూడు దోసిళ్లు వేశాను. ఈ మట్టి కిందికి పోతున్నవి చట్రం బిగించిన చేతులు అనుకున్నాను. కళ్లలో నీళ్లు అప్పుడొచ్చాయి.

తొమ్మిదో రోజు మేస్త్రి కొడుకు అంగడిలోనుంచి ఉరుకుతూ మా ఇంటికి వచ్చాడు.

"మామా, పాప సెలెక్టయింది. రాష్ట్రం సైకిల్ జట్టులో తీసుకున్నారంట."

నా బిడ్డ రాష్ట్రం తరఫున సైకిల్ తొక్కబోతోంది. చదివేవాళ్లు క్షమించాలి, ఈ మాట మళ్లీ రాస్తాను. చీరల గుమాస్తా బిడ్డ, ప్రొద్దుటూరు పిల్ల, రాష్ట్రం తరఫున తొక్కబోతోంది. వీధిలో కనపడిన ప్రతివాళ్ల చేతిలో చక్కెర పోశాను. తెలియనివాళ్లకు కూడా పోశాను. పోసి పోసి, చక్కెర అయిపోయాక, అప్పుడు అడిగాను.

"నీకెట్ల తెలిసిందప్పా?"

వాడు తల వంచుకున్నాడు. "పాప అలవాటు మీద మా నాయన నంబరుకే చేసింది మామా. నేనెత్తి హలో అనేసరికి గుర్తొచ్చినట్టుంది, ఏడ్చేసింది."

పోయిన మనిషి తర్వాత నేను. అంత సంతోషంలోనూ అది గుచ్చుకుంది.

ఆ శనివారం పాప ఇంటికొచ్చింది. రాత్రి భోజనాల దగ్గర, "నాయనా, రేపు మలుపు దగ్గర నువ్వు ఉండు. ఉరకొద్దు, నిలబడే నీళ్లు నువ్వే ఇయ్యాల" అంది. మూడేళ్లుగా నేను కోరుకున్న మాట.

"మరి పైన పేపరు ఎవరిస్తారు?" అన్నాను.

పాప నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"పేపరు అక్కరల్యా నాయనా. అది మంచు కొండల్లో దిగేవాళ్లకు. మన ఎండకు పేపరు పెట్టుకుంటే ఒళ్లు ఉడికిపోతాది. మామకూ తెలుసు, నాకూ తెలుసు."

"తెలిసి నన్ను నిలబెట్టినారా?"

"నీ మోకాళ్లు నాతోపాటు ఉరికే మోకాళ్లా? మలుపులో పడితే ఏం గావాల? ఇంట్లో ఉండమంటే అలుగుతావు. మామనే ఆలోచించి ఆ పని పెట్టినాడు." కూర గిన్నె నా వైపు జరిపి మళ్లీ అంది. "ఇంగొకటి. మలుపు దగ్గర నాకు కాళ్లు నిలబడిపోతాంటాయి. దిగేద్దామనిపిస్తాది. అప్పుడు మామ పక్కన ఉరుకుతా ఒగటే మాట చెప్తాడు. 'మీ నాయన పైన ఎండలో నిలబడి ఉండాడు పాపా, ఎంతసేపు నిలబెడతావు ముసలాయన్ను' అని. మూడేండ్లూ అదే మాట. ఇంగేం చెప్పల్యా. నీళ్లు కూడా సగం సార్లు తీసుకోల్యా నేను."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. నన్ను కాపాడే సంగతిలో కూడా వాళ్లిద్దరూ ఒకటై, నన్ను బయటే ఉంచారు. అంతేకాదు, నా బిడ్డను కొండెక్కించడానికి నన్ను ఎట్లా వాడాలో నాకు తోచలేదు, ఆయనకు తోచింది. ఆ తెలివికి కూడా కుళ్లుకున్నాను. తర్వాత పెరట్లోకి పోయి చెయ్యి కడుక్కుంటూ ఆ నీళ్లతోనే మొహం కూడా కడుక్కున్నాను. మేస్త్రీ, ఒక్కసారి చెప్పి ఉంటే నీతో ఒకరోజు మాట్లాడకుండా పోగొట్టుకునేవాణ్ణి కాదు కదా.

తిరిగొచ్చి పాపకు చెప్పాను. "మలుపు దగ్గర మేస్త్రి కొడుకును పెట్టుకో. వానికి మోకాళ్లు బాగుండాయి. వాళ్ల నాయన మాట వానికి చెప్పు, అదే చెప్పమను. నేను పైనే ఉంటా."

"పేపరు అక్కరల్యా అంటాండా కదా నాయనా."

"పద్ధతంటే పద్ధతే" అన్నాను.

ఈ పత్రిక అచ్చయి చేతికొచ్చిన ఆదివారం నేను ముద్దనూరు కొండ మీద ఉంటాను. తలకు తువ్వాలు చుట్టుకుని, ఈ పేజీ పైకి కనపడేట్టు మడిచి పట్టుకుంటాను. పాప రొప్పుతూ వస్తుంది, ఎడమ చేత్తో లాక్కుంటుంది, చొక్కాలో దోపుకుంటుంది. పులివెందుల చేరేలోపు చెమటకు సిరా కరిగి బనియనుకు అంటుకుంటుంది. ఇందులో మేస్త్రి అన్న మాట ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. నాయన అన్న మాటకంటే ఎక్కువే ఉంటుంది. ఆయనే ఎక్కువగా అంటుకుంటాడు, మా ఇంటామె ఎంత ఉతికినా పోడు. అంటుకోనీ. నేను పైన నిలబడి, రొమ్ము దగ్గర ఆ కాగితం ఉబ్బెత్తుగా పెట్టుకుని నా బిడ్డ దిగిపోతుంటే, కింద ఆఖరి మలుపులో చొక్కా రంగు కనపడకుండా పోయేదాకా చూస్తుంటాను.