సొరబుర్ర మూతి

ఉట్నూర్ నుంచి ఆదిలాబాద్ పోయే బస్సులో నా పక్కన ఒక గోండు ముసలమ్మ కూర్చుంది. ఒడిలో నీళ్లు నింపిన ఎండు సొరకాయ బుర్ర ఉంది. దవాఖానలో ఉన్న పెనిమిటి కోసమట.

"స్టీలు గ్లాసుల పోస్తే మందు వాసనంటుండు. రెండు దినాలాయె, గుక్కెడు తాగలే," అంది.

నేను ఊరుకుంటానా? "ఇసొంటి బుర్రలల్ల రాజులు తాగిండ్రవ్వా! కంచువి, వెండివి అన్ని చూసిన నేను. ఇటియ్యి, ఎన్నేండ్లదో చెప్త," అని తీసుకున్నాను.

గుంతలో బస్సు ఎగిరి బుర్ర జారిందని ఇంట్లో చెప్పాను. అబద్ధం. బస్సు గుడిహత్నూర్‌లో ఆగి ఉంది. వెనక సీటువాళ్లకు చూపిద్దామని ఒంటిచేత్తో పైకెత్తి జారవిడిచాను.

ఆమె వంగి పెంకులు ఏరింది. మూతి ఒక్కటే పగల్లేదు. దాన్ని కొంగుతో తుడిచింది.

"గ్లాసు నీళ్లే గీ మూతిలకెళ్లి పోస్త. కండ్లు మూసుకొనే ఉంటుండు, తెల్వది."

దవాఖాన దాకా తోడొస్తానన్నాను.

"వద్దు సారూ. నువ్వు ఊకె మాట్లాడుతవు. ఆయన కండ్లు తెరుస్తడు."