బాపు కాలు, గ్రీకు వీరుని రెండు దారులు

మట్టితో మనిషిని చేసి, తన మాటకు అవుననే స్వేచ్ఛనూ కాదనే స్వేచ్ఛనూ ఆ మనిషికే ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఈడ్చుకుపోగల బలం ఉండి కూడా పేరు పెట్టి పిలిచే తండ్రికే మహిమ.

అరవైల చివర్లో నేను నిజామాబాద్‌లో బి.ఏ. చదువుతున్నాను. ఆ జనవరిలో మా ఇంగ్లీషు లెక్చరర్ ఒక వ్యాసం రాసుకురమ్మన్నారు: ప్రాచీన గ్రీకు వీరకావ్యాల్లో మనిషి విధికి బానిసా, తన ఇష్టానికి యజమానా? అంతలో నాన్న కాలు, మా మాటలో బాపు కాలు, బాగాలేదని కబురొచ్చింది. వ్యాసం కోసం తెచ్చుకున్న గ్రీకు కావ్యం పుస్తకం సంచిలో పెట్టుకునే వర్ని దగ్గరి మా ఊరికి వెళ్లాను.

చెరుకు కొడుతుండగా నరికిన మోడు బాపు అరికాల్లో దిగింది. పసుపు పెట్టి గుడ్డ చుట్టి, అదే కాలితో పది రోజులు బండ్లకు చెరుకెత్తాడు. నేను చేరేసరికి రెండు వేళ్లు నల్లబడ్డాయి. వాసన వాకిట్లోకే వస్తోంది. బోధన్‌లో చూసిన డాక్టరు చెప్పింది ఒక్కటే. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో ఆ వేళ్లు తీయించుకోవాలి. వారం ఆగితే మోకాలి దాకా, ఇంకా ఆగితే ప్రాణం.

బాపు రానన్నాడు. మా సంఘంలో కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయ్యాక పళ్లెంలో బైబిలు వాక్యాల చీటీలు పెడతారు. ఎవరు తీసిన వాక్యం వారికి ఆ ఏటి వాగ్దానం. నీతిమంతుని ఎముకల్లో ఒక్కటీ విరగకుండా దేవుడు కాపాడతాడనే మాట బాపుకు వచ్చింది.

"దేవుడు కాపాడుతనంటే నేను కోయించుకోవాల్నా? గది అవిశ్వాసం."

మా అమ్మ, మేం అవ్వ అంటాం, పొయ్యి దగ్గర్నుంచే అంది. "ఇరగనియ్యనన్నడు. కుళ్లనియ్యనన్నడా?"

చేతిరాత బాగుంటుందని పాస్టరుగారు ఆ చీటీలు రాసే పని నాకే అప్పగించారు.

"బాపు, గా చీటీలు నేనే రాసిన. మంచి మంచి వాక్యాలే ఏరిన. కాలు అడ్డమొస్తే నరికెయ్యుమన్న మాట సుత ఉన్నది. గది ఇడిసిపెట్టిన."

బాపు నవ్వాడు. "రాసిన చెయ్యి నీది బిడ్డా. తీసిన చెయ్యి నాది. మాట ఎవలది?"

"దేవునిది."

"మరి గంతే."

ఆయనను వెంట తీసుకోకుండా నిజామాబాద్ వెళ్లకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను. మంచం పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆయనకే విసుగుపుట్టి, సంచిలో ఆ లావు పుస్తకం ఏందని అడిగాడు. చెప్పాను. గ్రీకు సైన్యంలో అందరికంటే గొప్ప వీరునికి, దేవత అయిన తల్లి ముందే చెప్పిందట. ఇక్కడే ఉండి కొట్లాడితే వయసులోనే చస్తావు, పేరు నిలుస్తుంది. ఇంటికి పోతే ముసలివాడివయ్యేదాకా బతుకుతావు, పేరుండదు.

"ఏది జరగాల్నో వాని రాతల లేదా?"

"రెండూ ఉన్నయి బాపు. ఏరుకునుడు వానిది."

వాళ్ల పెద్ద దేవుడి సంగతి కూడా చెప్పాను. యుద్ధంలో అతని సొంత కొడుక్కే చావు దగ్గరపడింది. తప్పించాలని మనసైంది. నువ్వు తప్పిస్తే మిగతా దేవుళ్లూ తమ కొడుకులను తప్పిస్తామంటారని భార్య హెచ్చరించింది. కొడుకును వదులుకుని, నేల మీద రక్తం చినుకులు కురిపించాడు.

బాపు అందుకున్నాడు. "మన దేవుడు సుత కొడుకును తప్పియ్యలే గద."

"వాళ్ల దేవుడు రాతకు తల వంచిండు. మన తండ్రి ఇష్టపడి ఇచ్చిండు. కొడుకు సుత ఇష్టపడే పోయిండు. సిలువకు ముందు రాత్రి తోటల గంత ప్రార్థన జేసిండు, గా కష్టాల గిన్నె తీసెయ్యుమన్నడు. తీసెయ్యలే. అప్పుడేం జేసిండు బాపు?"

ఇరవై ఏళ్లుగా సండే స్కూలు పిల్లలకు ఆ కథ చెబుతున్న మనిషి ఆయన.

"లేసిండు," అన్నాడు. మళ్లీ తానే, "లేసి, పట్టుకునేటోల్లకు ఎదురు నడిసిండు."

ఇక చెప్పాల్సింది ఆయనే.

"పక్కింటి పటేలును బండి కట్టుమను," అన్నాడు అవ్వతో.

"గీ మాట పొద్దుగాల్నే అంటె బస్సు దొరుకుతుండె," అంటూనే అవ్వ చెంగు బిగించి బయటికి నడిచింది.

పటేలు మమ్మల్ని ఎడ్లబండిలో బోధన్ దాకా తెచ్చి బస్సెక్కించాడు. ఆసుపత్రిలో ఆపరేషనుకు ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టమని నర్సు నన్ను పిలిచింది. బాపు కలం అందుకున్నాడు.

"కాలు నాదమ్మా," అని తానే పెట్టాడు.

రెండు అనుకున్నవి మూడు వేళ్లు పోయాయి. కాలు నిలిచింది.

వ్యాసం ఆసుపత్రి వరండాలోనే రాశాను. గ్రీకు వీరుడు తన వంతుకు వచ్చిన రాత ఏమిటో తెలిసి కూడా దారి ఎంచుకున్నాడు గనుక గొప్పవాడు. అయితే ఆ దారిలో అతనికి తోడుగా తండ్రి ఎవరూ లేరు అని ముగించాను. లెక్చరర్ చివరి మాట కింద గీత గీసి, ఇది ప్రశ్నలో లేదన్నారు. నిజమే, లేదు. అయినా నేను దాన్ని కొట్టేయలేదు.

ఇది చదువుతున్నవారు ఒక్క నిమిషం నాతో తల వంచండి. ఇప్పుడు ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక మంచం మీద, భయానికి విశ్వాసమని పేరు పెట్టుకుని కూర్చున్నవారు ఉంటారు. తండ్రీ, వారికి నీ మాటతో పాటు ధైర్యం కూడా ఇవ్వు అని అడుగుదాం. ఆమెన్.